ఫైలు వెళ్లింది, తెలుగు వెళ్లలేదు

కంప్యూటరు లెక్కలో 'పరకాల' అంటే ఐదు సంఖ్యలు: 3114, 3120, 3093, 3134, 3122. మొదటిది ప, రెండోది ర, మూడోది క, నాలుగోది ఆ క పక్కన చేరే దీర్ఘం, ఐదోది ల. ఇవాళ పరకాల బస్టాండులో నిలబడి ఫోనులో కొట్టినా, కాలిఫోర్నియాలో కూర్చుని లాప్‌టాప్‌లో కొట్టినా అవే ఐదు, అదే వరుస. ఫాంటు మారినా, సాఫ్ట్‌వేరు మారినా ఆ సంఖ్యలు కదలవు. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు ఇచ్చింది. మన ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, తిట్లు, దీవెనలు అన్నీ ఆ గళ్లలోంచే వస్తాయి.

ఇప్పుడు పరకాలలో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఏ డీటీపీ సెంటరుకైనా వెళ్లి, 2005 ప్రాంతంలో కొట్టిన ఒక కరపత్రం ఫైలు తెరిపించండి. తెర మీద 'పరకాల' అని ముచ్చటగా కనిపిస్తుంది. లోపల మాత్రం పై ఐదింటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. అక్కడ ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలు, డాలరు గుర్తు, నక్షత్రం గుర్తు, యూరపు భాషల్లో తల మీద గీతలు పెట్టి రాసే అక్షరాల సంఖ్యలు. వాటికి డీటీపీ వాళ్లు వాడే అనూ అనే తెలుగు ఫాంటు తొడిగారు కాబట్టి తెలుగులా కనిపిస్తున్నాయి. అంతే తప్ప ఫైలుకు తాను తెలుగునన్న సంగతే తెలియదు.

తెలియకపోతే ఏం నష్టమో, ఆ ఫైలు ఊరు దాటినప్పుడు బయటపడుతుంది. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగిన ఊరు పరకాల. ఆ కాల్పుల్లో చనిపోయిన వాళ్ల జ్ఞాపకంగా 2003లో అక్కడ అమరధామం వెలిసింది. ఆ సంస్మరణ కోసం టైపు చేసిన ఒక కరపత్రం, దాదాపు 35 కిలోమీటర్ల అవతల హనుమకొండలోని ప్రెస్సుకు మెయిల్లో వెళ్లిందనుకుందాం. కాసేపటికి ఫోను వస్తుంది.

"అన్నా, తెలుగు రాలే. ఏవో పిచ్చి గీతలు వచ్చినయ్."

"మీ దగ్గర అనూ లేదా?"

"ఉన్నది. మీది సిక్సా, సెవెనా?"

ఈ మూడో మాట బయటివాళ్లకు అర్థం కాదు. అనూ ఆరో వెర్షన్‌కూ ఏడో వెర్షన్‌కూ మధ్య ఏ గుర్తు చోట ఏ అక్షరం ముక్క పెట్టారన్నది మారింది. ఒకే కంపెనీ ఫాంట్ల మధ్యే మార్పిడి చేసుకోవడానికి వేరే కన్వర్టరు కావలసి వచ్చింది. ఇక వేరే కంపెనీ ఫాంటైన శ్రీలిపికీ అనూకీ మధ్య సంగతి చెప్పేదేముంది.

ఒక డాక్యుమెంటును ఇంకొకరికి పంపడమంటే మూడు వస్తువులు పంపడం. ఏ అక్షరాలున్నాయో చెప్పే సంఖ్యలు ఒకటి. ఆ అక్షరాలు ఎలా కనిపించాలో చెప్పే ఫాంటు ఇంకొకటి. శీర్షిక ఎక్కడ, పేరా ఎక్కడ, పట్టిక ఎక్కడ అన్న అమరిక మూడోది. ఇంగ్లీషు వాళ్లకు మొదటి సమస్య 1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణంతోనే చాలావరకు తీరింది. తర్వాత వాళ్లు కొట్లాడుకున్నదంతా మూడోదాని గురించి: వర్డ్‌స్టార్ ఫైలు వర్డ్‌పర్ఫెక్టులో తెరుచుకుంటుందా, మ్యాకింటోష్ ఫైలు పీసీలో తెరుచుకుంటుందా అని. తెరుచుకోకపోతే బొద్దు అక్షరాలు పోయేవి, మార్జిన్లు పోయేవి. మనకు భాషే పోయేది. ఈ తేడాను పట్టించుకోకుండా 'ఫార్మాట్ సమస్య' అని ఒకే గాటన కట్టేయడం వల్లే తెలుగు వాళ్లకు ఇచ్చే సలహాలు సగం పనికిరాకుండా పోతున్నాయని నా అభిప్రాయం.

అసలు అక్షరాన్ని ముక్కలు చేసి పెట్టే ఈ పద్ధతి ఎందుకొచ్చింది? పాత కంప్యూటరు ఫాంటులో ఒక అక్షరానికి ఎనిమిది బిట్లు, అంటే మొత్తం 256 గళ్లు. వాటిలో కొన్ని కంప్యూటరు తన సొంత పనులకు అట్టిపెట్టుకుంటుంది. తెలుగులో ఒక్క క గుణింతమే పన్నెండు పదమూడు రూపాలు. దానికి ఒత్తులు తగిలిస్తే వందలు, హల్లులన్నిటికీ కలిపితే వేలు. 256 గళ్లలో వేల రూపాలు పట్టవు. అందుకని తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తులన్నీ వేరే ముక్కలు చేసి, పక్కపక్కన పేర్చి అక్షరం కట్టారు. ఇది కొత్త ఆలోచనేం కాదు. సీసపు అచ్చుల కాలంలో కంపోజిటర్లు చేసింది ఇదే, తెలుగు టైపురైటరు చేసిందీ ఇదే. డీటీపీ వాళ్లు ఆ చేతిపనిని కంప్యూటరులోకి దింపారు.

దింపి ఊరుకోలేదు, బాగా దింపారు. తొంభైల్లో పేజీలు అమర్చడానికి వాడే పేజ్‌మేకర్‌కు తెలుగు అనే భాష ఉందనే తెలియదు. దానికి తెలిసింది ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు సాఫ్ట్‌వేరు చేత పెండ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు, పాఠ్యపుస్తకాల గైడ్లు అచ్చమైన తెలుగులో వేయించిన ఘనత ఈ ఫాంట్లదే. ఇవాళ యూనికోడ్ గురించి మాట్లాడేవాళ్లు డీటీపీ ఆపరేటర్లను వెనకబడిన వాళ్లన్నట్టు చూస్తుంటారు. అది అన్యాయం. విండోస్‌లో తెలుగు 2001 నాటి ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి ఫాంటుతో సహా. అప్పుడు కూడా సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి, దాన్ని విడిగా ఎక్కించుకోవాలి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 కూడా 2001దే. దానికి యూనికోడ్ తెలుగు ఎప్పటికీ రాలేదు. దాని వారసుడైన ఇన్‌డిజైన్ భారతీయ లిపులను నేరుగా పట్టించుకోవడం 2012 నాటి సీఎస్6తో మొదలైంది. నడుమ పదేళ్లకు పైగా రోజూ పత్రికలు కొట్టి ఇవ్వాల్సిన మనిషి ఏం చేయాలి? చేతిలో ఉన్నదానితో పని నడిపించుకున్నాడు.

మరో దారి కూడా ఉండేది. భారత ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ అనే ప్రమాణాన్ని ఖరారు చేసింది. ముక్కలకు కాకుండా అక్షరాలకే సంఖ్యలు ఇవ్వాలన్నది దాని సూత్రం. క్ష రాయాలంటే క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు వరుసగా రాస్తే చాలు. వాటిని కలిపి ఒక రూపంగా చూపించే బాధ్యత యంత్రానిది. యూనికోడ్‌లోని మన లిపుల అమరిక ఇస్కీ పాత రూపం మీదే ఆధారపడింది. కానీ అచ్చు రంగం అటు పోలేదు. అచ్చుకు కావలసింది కాగితం మీద అందం. ఫైలు లోపల ఏముందో కాగితం అడగదు.

ఫైలును ఇంకో కంప్యూటరు మాత్రం అడుగుతుంది. ముక్కల తెలుగును వర్డ్‌లో పెడితే వర్డ్ దాన్ని ఇంగ్లీషుగానే చదువుతుంది. చదివి దిద్దుతుంది కూడా. వాక్యం మొదట్లో చిన్న అక్షరం ఉందని పెద్దది చేస్తుంది. మన దగ్గర ఆ రెండూ రెండు వేరు వేరు తెలుగు ముక్కలు. నిట్టనిలువు కొటేషన్ గుర్తును వంపు తిరిగిన గుర్తుగా మారుస్తుంది. మన దగ్గర ఆ గుర్తు స్థానంలో ఒక ఒత్తు ఉండొచ్చు. ఆపరేటరు దిక్కుతోచక వెతుకుతాడు, నేను కొట్టిన అక్షరం ఎట్ల మారిందని. ఇక మ్యాకింటోష్‌కు పంపితే మరో చిక్కు. 128 దాటిన సంఖ్యలకు విండోస్ ఒక అర్థం పెట్టుకుంది, ఆ కాలపు మ్యాక్ ఇంకో అర్థం పెట్టుకుంది. ఇంగ్లీషు ఉత్తరానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు, అది 128 లోపే బతుకుతుంది. తెలుగు ముక్కలు ఆ పైనే ఎక్కువగా కాపురం పెట్టాయి.

ఈ గొడవ మొదట తగిలింది ఇంటర్నెట్‌లో తెలుగు చదవాలనుకున్న ప్రవాసులకు. తొంభైల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం కేంద్రంగా కొందరు ఒక పద్ధతి తయారు చేశారు: తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక ఖచ్చితమైన నియమం ప్రకారం రాయడం. ఆర్‌టీఎస్ అని దానికి పేరు. చూడటానికి వికారంగా ఉండేది గానీ ఏ కంప్యూటరుకు పంపినా ఒక్క అక్షరం చెడేది కాదు. అందం వదులుకుని అక్షరాన్ని కాపాడుకున్నారు వాళ్లు. ఇక్కడ మనం అక్షరాన్ని వదులుకుని అందాన్ని కాపాడుకున్నాం. తర్వాత తెలుగు పత్రికలు వెబ్‌సైట్లు పెట్టాయి. ఈనాడు వంటివి ఎవరి ఫాంటు వాళ్లవే వాడాయి. ఒక పత్రికలోని వార్త ఇంకోచోటికి కాపీ చేస్తే మళ్లీ పిచ్చి గీతలే. నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కోసం 'పద్మ' అనే పొడిగింపు రాశారు. అది ఆ ఫాంట్ల గుట్టు తెలుసుకుని, పేజీని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది.

సరే, అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చాయనుకుందాం. ఇప్పుడు కొత్తగా కొట్టే దరఖాస్తులు చాలావరకు అవే. అయినా పరకాలలో సెంటరులో చక్కగా కనిపించిన దరఖాస్తు, ఇంట్లో పిల్లవాడి లాప్‌టాప్‌లో ఎందుకు చెదిరిపోతుంది?

డాక్స్ అనే ఫైలు నిజానికి ఒక జిప్ మూట. నమ్మకం లేకపోతే ఒక కాపీ తీసి, దాని పేరు చివర డాక్స్ బదులు జిప్ అని మార్చి విప్పి చూడండి. లోపల రాతంతా ఒక ఫైలులో, శైలుల వివరాలు ఇంకో ఫైలులో, బొమ్మలు వేరే సంచిలో ఉంటాయి. మామూలు కంటికి చదవడానికి వీలైన ఎక్స్‌ఎంఎల్ భాషలో రాసి ఉంటాయి. అందులో ప్రతి రాత ముక్కకూ ఫాంటు పేరు ఒకటి కాదు, నాలుగు దాకా ఉంటాయి. ఇంగ్లీషుకు ఒకటి, చైనా జపాన్ లిపులకు ఒకటి, తెలుగు, అరబిక్ వంటి 'సంక్లిష్ట లిపుల'కు ఇంకొకటి అన్నట్టు. అక్షరాల సైజు, బొద్దుతనం కూడా సంక్లిష్ట లిపులకు విడిగా రాస్తారు. లిబ్రె ఆఫీసులోనూ ఇదే ఏర్పాటు: పాశ్చాత్య లిపుల ఫాంటు వేరు, మన లిపుల ఫాంటు వేరు. తెలుగు పేరాను ఎంచుకుని పాశ్చాత్య ఫాంటు మార్చి, ఏమీ మారలేదేమని తల పట్టుకునే వాళ్లకు జవాబు ఇక్కడుంది. వాళ్లు మార్చింది ఇంగ్లీషు గడిని. తెలుగు గడిలో ఏమీ రాయకపోతే ఒక్కో సాఫ్ట్‌వేరు తనకు తోచిన ఫాంటు పెట్టుకుంటుంది.

తోచిన ఫాంటు పెడితే సైజు ఒకటే కదా అనుకోవద్దు. తెలుగు ఫాంట్లలో 12 పాయింట్లంటే అందరికీ ఒకటే కొలత కాదు. గౌతమిలో వరుసకూ వరుసకూ మధ్య ఎడం బాగా ఎక్కువ. కింద రెండు ఒత్తులు పడ్డా తగలకూడదని అలా పెట్టారు. వేరే ఫాంటులో అదే రాత బిగుసుకుపోతుంది. ఒక్క పేజీలో ఇమిడిన దరఖాస్తు రెండో పేజీలోకి జారి, సంతకం ఒక్కటీ అనాథలా అక్కడ మిగులుతుంది. ఇంగ్లీషులో ఈ బాధ తగ్గించడానికి 2007లో రెడ్ హ్యాట్ కంపెనీ లిబరేషన్ ఫాంట్లు విడుదల చేసింది. ఏరియల్, టైమ్స్ అక్షరాల వెడల్పులే వీటికీ ఉంటాయి, కాబట్టి ఫాంటు మారినా వరుసలు అక్కడే విరుగుతాయి. మనకు అందిన మేలు వేరే రకం: సిలికానాంధ్ర అనే సంస్థ పూనుకుని మండలి, రామభద్ర, సురవరం, పొన్నాల, గిడుగు, గురజాడ, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా వదిలింది. అవి ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో దొరుకుతాయి. ఇద్దరి దగ్గరా ఒకే ఉచిత ఫాంటు ఉంటే తగాదాలో సగం తీరినట్టే. మిగతా సగం మన చేతుల్లోనే ఉంది. 'గౌరవనీయులైన తహసీల్దారు గారికి' అన్న వరుసను నడుమకు జరపడానికి స్పేస్‌బార్ పదిహేనుసార్లు కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఫాంటు మారగానే ఆ ఖాళీల వెడల్పూ మారుతుంది, వరుస పక్కకు పోతుంది. నడుమకు జరిపే బటను ఉన్నదే అందుకు.

ఇదే చోట ఒక పాత పోరాటం గురించి రెండు ముక్కలు. వర్డ్ పాత డాక్ ఫైలు లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ 2008లో గానీ అందరికీ బయటపెట్టలేదు. అంతకుముందు మిగతా సాఫ్ట్‌వేర్లు దాన్ని తడిమి తడిమి ఊహించుకున్నాయి. 2006లో ఓడీఎఫ్ అనే బహిరంగ రూపం అంతర్జాతీయ ప్రమాణమైంది. మైక్రోసాఫ్ట్ తన డాక్స్ కుటుంబాన్ని కూడా ప్రమాణం చేయమని అడిగింది. భారత ప్రమాణాల సంస్థ 2007లో వద్దని ఓటు వేసింది, 2008లో కూడా అదే మాట మీద నిలబడింది. అయినా అది నెగ్గి ప్రమాణమైపోయింది. ఫలితంగా ఇప్పుడు రెండు ప్రమాణాలు. ఒకదాని సాఫ్ట్‌వేరు ఇంకోదాన్ని బాగానే చదువుతుంది గానీ పట్టికలు, అంచులు, పేజీ నంబర్ల దగ్గర తడబడుతుంది.

విసిగిపోయి అందరూ పీడీఎఫ్‌కు వెళ్లారు. వెళ్లడం సరైనదే, చూడటానికి మాత్రమే అయితే. 1993లో అడోబీ తెచ్చిన ఈ రూపం కావలసిన అక్షర రూపాలను ఫైలులోనే మోసుకుపోతుంది. పరకాలలో ఎలా కనిపించిందో న్యూజెర్సీలోనూ అలాగే కనిపిస్తుంది. కానీ పీడీఎఫ్ గుర్తుంచుకునేది ప్రధానంగా ఏ రూపాన్ని పేజీలో ఏ చోట గీయాలన్నది. ఏ అక్షరాల కలయిక వల్ల ఆ రూపం వచ్చిందన్న సమాచారం దానికి తప్పనిసరి కాదు; ఉన్నా ఒత్తుల దగ్గర, గుడి దీర్ఘాల దగ్గర పొరపాట్లు దొర్లుతాయి. అందుకే చక్కని తెలుగు పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే, ఒత్తులు ఊడిపోయి, దీర్ఘాలు ముందువెనకలై వస్తుంది. ఒక పేరు వెతికితే దొరకదు. ఫైలులో పేరు ఉంటుంది, కంటికి కనిపిస్తుంది, కంప్యూటరుకు మాత్రం లేదు.

వెతకడమన్నది చిన్న విషయం కాదు. పరకాల 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా. తర్వాత వరంగల్ రూరల్. 2021 నుంచి హనుమకొండ జిల్లా. ఐదేళ్లలో రెండుసార్లు ప్రతి దరఖాస్తు నమూనాలో, ప్రతి లెటర్‌హెడ్‌లో జిల్లా పేరు మార్చాలి. యూనికోడ్ ఫైలైతే వెతికి మార్చే పని క్షణం పడుతుంది. ముక్కల తెలుగులో ఒకే అక్షరాన్ని రెండు రకాల ముక్కలతో కట్టే వీలుంటుంది, పైగా ఏ ముక్క ముందు కొట్టారన్నది ఆపరేటరు అలవాటును బట్టి ఉంటుంది. కంటికి ఒకటే అయిన రెండు 'వరంగల్'లు ఫైలులో రెండు వేరు మాటలు.

యూనికోడ్ వచ్చాక ఇలాంటిది పూర్తిగా పోయిందని కూడా అనలేం. 8204 సంఖ్య గల ఒక కనిపించని అక్షరం ఉంది. రెండు హల్లులు కలిసి ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. 'సాఫ్ట్‌వేర్'లో ట కింద వ ఒత్తు పడకుండా నడుమ నిలబడేది అదే. ఒకరు అది పెట్టి కొడతారు, ఒకరు పెట్టకుండా కొడతారు, వెతుకులాట మళ్లీ తప్పుతుంది. ఆ కనిపించని అక్షరమే 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీని గడగడలాడించింది. 3100, 3149, 3102, 8204, 3134. జ, పొల్లు, ఞ, ఆ అదృశ్య అక్షరం, దీర్ఘం. కలిపితే కంటికి కనిపించేది 'జ్ఞా'. ఈ వరుస ఉన్న సందేశం అందగానే ఐఫోనులో దాన్ని చూపించే యాప్ కుప్పకూలేది, మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. తుంటరులు దాన్ని ప్రపంచమంతా పంపుకున్నారు. ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసేదాకా ఆపిల్‌కు ఊపిరాడలేదు. మామూలుగా 'జ్ఞానం' అని కొట్టేవాళ్లకు ఆ నాలుగో సంఖ్య అక్కడ అవసరమే లేదు, కాబట్టి తెలుగువాళ్లకు పెద్దగా ఇబ్బంది రాలేదు. సంఖ్యలు అక్షరాలా సరిగ్గా చేరాయి. వాటిని రూపంగా కట్టే చోట యంత్రం తడబడింది. అక్షరాన్ని పంపడం ఒక పని, దాన్ని అక్కడ మళ్లీ కట్టడం ఇంకో పని అని చెప్పడానికి ఇంతకంటే పెద్ద నిదర్శనం అక్కర్లేదు.

మిగిలింది పాత ఫైళ్ల సంగతి. ఇరవై ముప్పై ఏళ్ల కరపత్రాలు, ఊరి చరిత్రలు, సావనీర్లు, కవితా సంపుటాలు ముక్కల తెలుగులోనే హార్డ్‌డిస్కుల్లో పడి ఉన్నాయి. కన్వర్టర్లు ఉన్నాయి, పని చేస్తాయి. అయితే వాటికి ఒక ఆధారం కావాలి: ఫైలులో ఏ ముక్క అనూ, ఏ ముక్క నిజమైన ఇంగ్లీషు అన్నది. ఆ సంగతి చెప్పేది ఫాంటు పేరొక్కటే. చాలామంది తొందరలో ఫైలులోని రాతను నోట్‌ప్యాడ్‌లో అతికించి కన్వర్టరుకు ఇస్తారు. నోట్‌ప్యాడ్ ఫాంట్ల వివరాలను పారేస్తుంది. అప్పుడు కరపత్రం చివర ఇంగ్లీషులో రాసిన చిరునామా కూడా తెలుగు ముక్కలుగా మారి అర్థం పర్థం లేని అక్షరాలై వస్తాయి. మనం అలంకారమనుకున్న ఫార్మాటింగే, పాత తెలుగు ఫైళ్లలో భాషను గుర్తుపట్టడానికి మిగిలిన ఏకైక తాళంచెవి.

అందుకని పేజ్‌మేకర్ ఫైలును నేరుగా ఆర్‌టీఎఫ్ రూపంలో బయటికి తీయాలి. ఫాంటు పేర్లు దానితో పాటు వస్తాయి. అసలు ఫైలును చెరపకుండా ఒక పక్కన ఉంచాలి, ఏ వెర్షన్ అనూలో కొట్టారో ఫోల్డరు పేరులోనే రాసిపెట్టాలి. మార్చాక ఒకరు అచ్చు కాగితం పక్కన పెట్టుకుని చదవాలి. మామూలు మాటల్లో కన్వర్టరు తప్పులు ఇట్టే దొరికిపోతాయి, చదివేవాళ్లకు మాట ముందే తెలుసు కాబట్టి. మనుషుల పేర్ల దగ్గర, ఊళ్ల పేర్ల దగ్గర దొరకవు. అక్కడ ఒత్తు మారినా ఇంకో పేరులాగే ఉంటుంది. ఆ భాగాన్ని మాత్రం ఆ ఊరివాళ్ల చేతే చదివించాలి.